తాళాలు మోగని రోజు

పోయిన వారం నన్ను ఆసుపత్రి వార్డులో మందుల అలమర పక్కన నిలబెట్టి మీరంతా మీ మీ పనుల్లోకి వెళ్ళిపోయారు. తప్పులేదు, ఎవరి బతుకులు వాళ్ళవి. నేను మాత్రం ఇంకా అక్కడే నిలబడి ఉన్నాను. ఈ కథలోకి కొత్తగా వచ్చినవాళ్ళ కోసం సంగతి మళ్ళీ చెప్తాను, తెలిసినవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

నా తమ్ముడు కాలేజీ హాస్టల్ పై అంతస్తు నుంచి పడ్డాడు. ప్రాణం దక్కింది, నడుము విరిగింది, మాట పోయింది. గొంతుకేం కాలేదు, నాలుకకేం కాలేదు అంటారు డాక్టర్లు. మరి మాటెందుకు రాదంటే చేతులు తిప్పుతారు. వాడు బుద్ధెరిగిన నాటి నుంచీ నోరు మూసిన ఘడియ లేదు, అందుకే ఇంట్లో వాడికి వసపిట్ట అని పేరు. మనుషుల్ని అనుకరించడంలో వాడి తర్వాతే ఎవరైనా. ఒక్క పూటలో వీధిలోని వాళ్ళందరినీ మా ముందు నడిపించి చూపించేవాడు. ఆ వసపిట్ట ఇప్పుడు పైకప్పు చూస్తూ పడుకుని ఉంటాడు.

వాన వస్తోందని ఆరేసిన బట్టలు తీయబోయి జారిపడ్డాడు, అని కాలేజీవాళ్ళ మాట. మా వాడు జన్మలో ఒక్క చేతిరుమాలు ఆరేసిన పాపాన పోలేదు. వారం వారం మాసిన బట్టల మూట తెచ్చి అమ్మ ముందు పడేసి, అన్నానికి కూర్చునేవాడు.

సీనియర్లు వాడిని ఏదో చేశారని మాకు తెలుసు. అయితే మనకు తెలియడం వేరు, కోర్టుకు తెలియడం వేరు. కొత్త చట్టం ఒకటుంది. ర్యాగింగ్‌లో పిల్లవాడికి ఏదైనా జరిగితే, చేసినవాళ్ళతో పాటు కాలేజీ కూడా బోనెక్కాలి. దానికో మెలిక పెట్టారు, కాలేజీకి సంగతి తెలిసి ఊరుకుని ఉండాలి. తెలియదంటే తప్పించుకోవచ్చు. మా వకీలమ్మ నాకు ఈ ముక్క అరటిపండు ఒలిచినట్టు చెప్పింది. "లోపలి మనిషి ఒకరు 'నాకు తెలుసు' అనాలి. వార్డెన్‌కి తెలిస్తే చాలు, కాలేజీకి తెలిసినట్టే. కానీ ఆ మాట అన్న మనిషి కూడా జైలుకే వెళ్తాడు, అది గుర్తుపెట్టుకో" అంది. గుర్తుపెట్టుకోక ఏం చేస్తాను. ఆ హాస్టల్ వార్డెన్ మా బాబాయి. నాన్న పోయాక మమ్మల్ని పెంచి పెద్దచేసిన బాబాయి. రేపు విచారణ. కాలేజీ తరఫున సాక్షి కూడా ఆయనే.

ఇక అలమర సంగతి. నర్సు మందులు తీయడానికి తాళంచెవుల గుత్తి పైకి తీసింది. గలగలమంది. మంచం మీద వసపిట్ట చెయ్యి తడుముకుంటూ వెళ్ళి దిండు పక్కనున్న ఎక్స్‌రే కవరు అందుకుంది. దాన్ని పుస్తకంలా మొహం ముందు పెట్టుకుని వాడు నవ్వాడు. చక్కగా, ఫొటోకి నవ్వినట్టు. అలమర మూసి నర్సు వెళ్ళిపోగానే ఆ నవ్వు పోయింది, కవరు జారిపోయింది.

ఆ నవ్వు నేను ఎరిగినదే. రోజూ బాబాయి వచ్చినప్పుడు వాడు నవ్వే నవ్వు అది. బాబాయి గుత్తి ఊపుకుంటూ వార్డులోకి రాగానే వాడు ఏ కాగితం దొరికితే అది పట్టుకుని నవ్వేవాడు. "కన్నతల్లిని, నన్ను చూసి నవ్వడు గానీ, బాబాయి వస్తే ఎలా నవ్వుతాడో చూడు. రక్తం ఎక్కడికి పోతుంది" అని అమ్మ మురిసిపోయేది. నేనూ మురిసిపోయాను. వాడు నవ్వుతున్నది బాబాయిని చూసి కాదని, తాళాల చప్పుడు విని అని, ఆ అలమర పక్కన నిలబడితే గాని నాకు తెలియలేదు.

అదిగో, సరిగ్గా అప్పుడే మెట్ల మలుపులో గుత్తి మోగింది.

నేను బయటికి వచ్చి వార్డు తలుపు దగ్గరగా వేశాను. లోపల అమ్మ పాలలో రొట్టె నానబెడుతోంది. బాబాయి మెట్లెక్కి వచ్చాడు. ఎప్పటిలాగే ఇస్త్రీ చొక్కా, ఎప్పటిలాగే కుడి భుజం కాస్త కిందికి వాలిన నడక, వేలికి గుత్తి.

"ఎలా ఉన్నాడమ్మడూ?" అన్నాడు.

"నీతో పనుంది బాబాయ్. వెనక వరండాలోకి రా."

"ముందు వాడిని ఒకసారి చూసి వస్తాను."

"వాడు ఎక్కడికీ పోడులే. నడుము విరిగింది కదా."

అలా అనకుండా ఉండాల్సింది. నా నోరు అంతే, అనేశాక గాని దాని పదును నాకే తెలియదు. బాబాయి నా వెంట వచ్చాడు.

ఆసుపత్రి వెనక వరండాలో ఉతికిన దుప్పట్లు వరసగా ఆరేసి ఉన్నాయి. బయట ముసురు పట్టి ఉంది, అవి ఆరవు, అయినా అక్కడే ఆరేస్తారు. ఫినాయిలు వాసనా తడిగుడ్డ వాసనా కలిసి ముక్కుకు కొడుతున్నాయి. గోడవారన ఒక బల్ల ఉంది, ఒక కాలు పొట్టిది, ఎవరు కూర్చున్నా టకటకమంటుంది. బాబాయి దాని చివర కూర్చున్నాడు. నేను కూర్చోలేదు.

"నీ జేబు ఎందుకు చిరగడం లేదు బాబాయ్?" అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. మీకూ అర్థమై ఉండదు, చెప్తాను. నాది కుట్టుపని. బజారులో చిన్న కొట్టు. బాబాయి ప్యాంటు కుడి జేబు నా చేతిలో పడనిదే ఏ కాలమూ గడిచేది కాదు. ఆ గుత్తి బరువుకి జేబు అడుగు పిగిలిపోయేది, నేను లోపల రెండు పొరల గుడ్డ వేసి కుట్టేదాన్ని. "నీ జేబుకి చేసిన సేవ ఏ దేవుడికి చేసుకున్నా ఈపాటికి మోక్షం వచ్చేది" అని వేళాకోళం చేసేదాన్ని. నిరుడు ఎప్పుడో ఆ ప్యాంట్లు రావడం ఆగిపోయింది. నా కుట్టు గట్టిపడిందనుకున్నాను. పని చేతికి పట్టుబడిందని లోలోపల గర్వపడ్డాను కూడా.

"గుత్తి జేబులో పెట్టుకోవడం మానేశావు. చేత్తో ఊపుకుంటూ తిరుగుతున్నావు. ఎప్పటి నుంచి?"

బాబాయి తన వేలికి వేలాడుతున్న గుత్తి వైపు చూశాడు. అది అప్పటిదాకా అక్కడ ఉందని ఎరగనట్టు చూశాడు.

"చట్టం వచ్చినప్పటి నుంచి," అన్నాడు.

నేను బుకాయిస్తాడనుకున్నాను. బుకాయిస్తే గట్టిగా అడగాలని మాటలు కూర్చుకుని వచ్చాను. అవన్నీ నా నోట్లోనే ఉండిపోయాయి.

"చట్టం రాగానే వార్డెన్లందరినీ హాల్లో కూర్చోబెట్టారు," అన్నాడు బాబాయి. "ఎప్పుడూ లేనిది టీ ఇచ్చారు, బిస్కెట్లు ఇచ్చారు. కాలేజీ వకీలు వచ్చాడు. మంచి మనిషే, నవ్వుతూ మాట్లాడతాడు. ఇకమీదట ఎవరైనా కళ్ళారా చూస్తే తప్పకుండా పైకి చెప్పాలి, చూసి చెప్పకపోతే నేరం అన్నాడు. చెప్తే కాలేజీకి తెలిసినట్టే, ఆనక ఏం జరిగినా కాలేజీ మొత్తం బోనెక్కుతుంది అన్నాడు. అంటే ఏం చెయ్యమంటారు అని ఒకాయన అడిగాడు. దానికి జవాబు చెప్పలేదు. పిల్లలు పెద్దవాళ్ళవుతున్నారు, వాళ్ళకీ ఓ మర్యాద ఉంటుంది, గదుల వైపు వెళ్ళేముందు కాస్త చప్పుడు చేసి వెళ్ళండి అన్నాడు. అంతే అన్నాడు."

"మర్యాద," అన్నాను.

"అదే మాట. బయటికొచ్చేసరికి అందరికీ అర్థమైపోయింది. ఒకాయన దగ్గుతాడు. ఒకాయన చెప్పులు ఈడుస్తాడు. ఇంకొకాయన ఈల వేస్తాడు, ఆ వయసులో. నాకు గుత్తి ఉంది."

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. ఈ కాలేజీ పిల్లి ఇంకా తెలివైనది. ఎవరో వచ్చి ఇంట్లో పాలన్నీ తాగిపోతున్నా, అది తన కంట పడకూడదని మెడకి తనే గంట కట్టుకుంది. ఆ చట్టం రాసినవాళ్ళు కాలేజీల కళ్ళు తెరిపిద్దామనుకుని ఉంటారు పాపం.

"అయితే ఆ గదుల్లో ఏం జరుగుతోందో నీకు తెలుసు," అన్నాను.

"చూడలేదు."

"తెలుసా, తెలియదా?"

బల్ల కాలు టకటకమంది. "తెలియకపోతే అంత గట్టిగా ఎందుకు ఊపుతాను అమ్మడూ," అన్నాడు.

నాకు కోపం వచ్చింది. ఎంత కోపమంటే, ఎదురుగా ఉన్న తడి దుప్పటి అంచు పట్టుకుని పిండేశాను, నీళ్ళు నా చెప్పుల మీద కారాయి. ఈయనే నాకు సూదిలో దారం ఎక్కించడం నేర్పాడు. నాన్న పోయిన ఇంట్లో ఏ రోజూ తలుపు తోసుకుని రాలేదు. గేటు దగ్గరే గుత్తి ఒకసారి ఊపి, "వదినా, నేను" అని, అమ్మ "రా అబ్బాయ్" అన్నాకే లోపలికి వచ్చేవాడు. అంత మంచి మనిషి అని వీధంతా చెప్పుకునేవాళ్ళు. ఆ చప్పుడు వింటే అమ్మ టీ పెట్టేది, మేము పరుగెత్తేవాళ్ళం. ఆ చప్పుడునే పట్టుకెళ్ళి హాస్టల్లో అమ్మేశాడు.

"సీనియర్లకి కాపలా కాశావు బాబాయ్. దొంగలకి ఈల వేసి చెప్పే తోడుదొంగ ఒకడుంటాడే, వాడి పని చేశావు."

"అలా అనకు. నేను మొదట్లో అలా అనుకోలేదు," అన్నాడు. "చప్పుడు వింటే ఆపేస్తారు కదా. అంతసేపైనా పిల్లలు ఊపిరి పీల్చుకుంటారు కదా. అందుకని మాటిమాటికీ వెళ్ళేవాడిని. నెమ్మదిగా నడిచేవాడిని. మోకాళ్ళు నొప్పి అని చెప్పి మెట్ల మీద ఆగి ఆగి, గుత్తి ఊపుతూ ఎక్కేవాడిని. నేను తిరుగుతున్నంతసేపూ ఎవరూ ఎవరి మీదా చెయ్యి వేయరు. పైకి వెళ్ళేసరికి అందరి చేతుల్లో పుస్తకాలుండేవి. అందరూ నవ్వేవాళ్ళు. గుడ్ ఈవెనింగ్ సార్ అనేవాళ్ళు."

"నువ్వు దిగిపోయాక?"

ఆయన గుత్తిలో ఒక తాళంచెవిని వేలితో తిప్పుతూ కూర్చున్నాడు.

"చప్పట్లు కొడితే కాకులు లేస్తాయి బాబాయ్. నువ్వు ఇంట్లోకి పోగానే మళ్ళీ వడియాల మీదే వాలతాయి. చిన్నప్పుడు మా చేత కాపలా కాయించావు కదా, నీకు తెలియదా?"

"తెలుసు," అన్నాడు. "అన్నీ తెలుసు."

అదీ మాట. వకీలమ్మ నన్ను తెమ్మన్న మాట. నా చేతికి వచ్చింది. ఈ మాట రేపు విచారణలో అంటే చాలు, నా తమ్ముడు బట్టల కోసం గోడెక్కి జారిపడిన పనికిమాలినవాడు కాడని లోకానికి తెలుస్తుంది. ఇప్పటికీ ఆ హాస్టల్లో పుస్తకాలు పట్టుకుని నవ్వుతున్న పిల్లలకి ఓ దారి దొరుకుతుంది. బాబాయి జైలుకు పోతాడు. అమ్మకి ఉన్న ఒక్క ఆసరా పోతుంది. ఇన్ని ఒకేసారి నా తలలోకి వచ్చి, దేని తర్వాత ఏది అనుకోవాలో తెలియక, నేను ఆయన పక్కన బల్ల మీద కూర్చున్నాను.

"రేపు ఆ మాట చెప్పు బాబాయ్. నాకు చెప్పినట్టే చెప్పు."

"చెప్పేవాడినే," అన్నాడు. "అంతవరకే అయితే ఏనాడో చెప్పేవాడిని. జైలంటే నాకు భయం లేదు. హాస్టల్లో ఇన్నాళ్ళున్నవాడికి జైలు కొత్తేముంది." ఎప్పటి అలవాటో, నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "అంతవరకే కాదమ్మడూ. నేను ఎప్పుడూ చూడలేదు అన్నాను కదా. ఒకసారి చూశాను."

వాన కాస్త పెరిగింది. దుప్పట్ల అవతల ఎవరో బక్కెట్టు ఈడ్చుకుంటూ పోతున్నారు. ఆ చప్పుడు పోయేదాకా బాబాయి ఆగాడు.

"వాడు పడకముందు ఆఖరుసారి ఇంటికి వచ్చాడు చూడు, ఆ రోజు నేనూ వచ్చాను. నేను గేటు దగ్గర గుత్తి ఊపాను. వదిన టీ పెట్టడానికి లేచింది. నాకు కిటికీలోంచి వాడు కనిపించాడు. నేల మీద బోర్లా పడుకుని ఉన్నాడు. గుత్తి మోగేసరికి ఉలిక్కిపడి లేచి కూర్చుని, న్యూస్‌పేపర్ తీసి మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వాడు. పేపరు తలకిందులుగా ఉంది."

నేను కళ్ళు మూసుకున్నాను. ఆ రోజు నేనూ ఇంట్లోనే ఉన్నాను. కాజాలు కుడుతూ, తలెత్తకుండా, వీడికి చదువు మీద ఇంత శ్రద్ధ ఎప్పుడు పుట్టిందో అని వాడిని ఆటపట్టించాను.

"లోపలికి వచ్చి అడిగాను," అన్నాడు బాబాయి. "ఎలా ఉందిరా హాస్టల్లో అని. అందరూ మంచివాళ్ళే బాబాయ్ అన్నాడు. నా ఉద్యోగం సంగతి వాడికి తెలుసు. చెప్తే నేను పైకి చెప్పాల్సి వస్తుందని తెలుసు. పసివాడు నన్ను కాపాడుతున్నాడు. నేను సరేలే అన్నాను. టీ తాగాను."

"తర్వాత?"

"తర్వాత నిద్రపట్టలేదు. ఒకరోజు సాయంత్రం, ఇక లాభం లేదనుకున్నాను. చెప్పులు కిందే విడిచాను. గుత్తిని చేతిరుమాల్లో చుట్టి పిడికిట్లో పట్టుకున్నాను. వాన పడుతోంది. మెట్లెక్కి పై అంతస్తు చివరిదాకా వెళ్ళాను. ఎవరికీ వినబడలేదు."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు. పాపం, ఆయన ఆకులైతే పట్టుకున్నాడు.

"సీనియర్లు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. వీడిని బాల్కనీ పిట్టగోడ మీద నిలబెట్టారు. చెంచాలు దారానికి కట్టి వేలికి తగిలించారు. వాడు ఆ గోడ మీద నడుస్తున్నాడు. నా నడక అమ్మడూ. భుజం కిందికి వాల్చి, మోకాలు నొక్కుకుంటూ, ఆగి ఆగి. చెంచాలు ఊపుతూ, 'నేనేం చూడలేదు, నేనేం చూడలేదు' అంటున్నాడు. అలా అనమన్నారు. వాళ్ళు పడి పడి నవ్వుతున్నారు."

బాబాయి చేతులు ఒడిలో పెట్టుకున్నాడు. గుత్తి వాటి మధ్య ముడుచుకుని ఉంది.

"బాగా చేస్తాడు కదా వాడు," అన్నాడు. "ఎవరిని చేసినా. అచ్చం నేనే."

నాకు ఏడుపొచ్చింది. అంత కోపంలోనూ వచ్చింది. ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

"గోడ చివరిదాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. తలెత్తి నన్ను చూశాడు. మామూలుగా అయితే గుత్తి మోగేది, వాడికి దిగే వ్యవధి ఉండేది, ఏదో పుస్తకం పట్టుకునేవాడు. ఆ రోజు నేను మోగించలేదు. వాడు ఏదో అన్నాడు. పెదాలు కదిలాయి, వానలో వినబడలేదు. చెయ్యి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అంతే. ఇక గోడ మీద ఎవరూ లేరు."

"జారాడా?" అన్నాను.

"జారాడో, నన్ను చూసి సిగ్గుతో దూకాడో నాకు తెలియదు. అదొక్కటీ తెలియదు. ఏమన్నాడో తెలిస్తే తెలిసేదేమో. ఆ పెదాలు ఎలా కదిలాయో రోజూ నా పెదాలతో అని చూసుకుంటాను. మాట దొరకదు."

అప్పుడు నాకు ఒక సంగతి తట్టింది. "బట్టలు తీయబోయి జారిపడ్డాడని ముందుగా ఎవరన్నారు బాబాయ్? కాలేజీయా?"

"నేనే," అన్నాడు. "పోలీసులు నువ్వెక్కడున్నావని అడిగారు. కింద ఆఫీసులో ఉన్నానన్నాను. ఎలా పడ్డాడంటే బట్టలన్నాను. నోట్లోంచి అదే వచ్చింది. కాలేజీవాళ్ళు దాన్ని పట్టుకున్నారు. వాళ్ళకి ఈనాటికీ తెలియదు నేను పైన ఉన్నానని. ఆ సీనియర్లు చెప్పరు, వాళ్ళ మెడకే చుట్టుకుంటుంది కాబట్టి. వసపిట్ట చెప్పలేడు. ఇప్పుడు నీకు తెలుసు."

ఇన్నాళ్ళూ నేను ఆ అబద్ధం చెప్పినవాడి చేతులు విరిగిపోవాలని తిట్టుకున్నాను. ఆ చేతులు నా పక్కనే ఉన్నాయి. గోళ్ళు శుభ్రంగా కత్తిరించుకుని, ముసలి చేతులు. నేను మళ్ళీ తిట్టలేకపోయాను.

"రేపు అంతా చెప్పు బాబాయ్," అన్నాను. "గుత్తి సంగతీ, పిట్టగోడ సంగతీ. ఒక్క ముక్క దాచకుండా."

"చెప్తాను. అయితే బయటివాళ్ళ నోట వదిన వినకూడదు. ముందు ఆవిడకి చెప్పాలి. ఇప్పుడే చెప్తాను, మళ్ళీ ధైర్యం చాలదు." లేచాడు. లేచి, వేలి నుంచి గుత్తి తీసి నా ఒళ్ళో పెట్టాడు. అది అంత బరువుంటుందని నాకు తెలియదు. ఇన్నేళ్ళూ ఆ బరువుకు చిరిగిన జేబులే కుట్టాను తప్ప, గుత్తిని ఏనాడూ చేత్తో పట్టుకోలేదు.

ఆయన ముందు నడిచాడు. చెప్పులు బల్ల దగ్గరే ఉండిపోయాయి. మరిచాడో, కావాలనే విడిచాడో అడగలేదు. గుత్తి మోగకుండా రెండు చేతులతో అదిమిపట్టుకుని నేను వెనకాల వెళ్ళాను.

వార్డు తలుపు తెరిచినా చప్పుడు కాలేదు. అమ్మ మాకు వీపు పెట్టి, మంచం పక్కన కూర్చుని, వాడి నోటికి చెంచాతో రొట్టె అందిస్తోంది. "ఇంకొక్కటి నాన్నా, ఇదే ఆఖరు," అంటోంది. ప్రతి చెంచాకీ అదే మాట. వసపిట్ట చూపు పైకప్పు నుంచి దిగి తలుపు మీదికి వచ్చింది.

బాబాయి తలుపులోనే నిలబడిపోయాడు. గుత్తి లేదు, దగ్గు లేదు, వదినా అనే పిలుపు లేదు.

వాడు కవరు కోసం తడుముకోలేదు. నవ్వలేదు. చెయ్యి పైకి లేచి కళ్ళకి అడ్డం వచ్చింది. పెదాలు కదిలాయి. ముందు గాలి ఒక్కటే వచ్చింది, తర్వాత తుప్పుపట్టిన గొంతు వచ్చింది.

"చూడొద్దు బాబాయ్."

నా పక్కన బాబాయి పెదాలు కూడా కదిలాయి. అవే రెండు మాటలు, చప్పుడు లేకుండా. ఆయన తలుపు చెక్క పట్టుకున్నాడు.

అమ్మ చేతిలో చెంచా కింద పడింది. వాడి మొహం రెండు చేతుల్లోకి తీసుకుని, "మాట్లాడాడు. నా తండ్రి మాట్లాడాడు. మళ్ళీ అను నాన్నా, ఇంకోసారి అను," అంటూ ఏడుస్తూ నవ్వుతూ వాడి నుదురు తుడిచింది, జుట్టు సర్దింది, నర్సుని పిలవమని నాకు చెప్పింది. నేను కదల్లేదు. వాడు చెయ్యి దించలేదు. ఆ చేతి కింద నుంచి నీళ్ళు చెవి మీదికి కారుతున్నాయి.

అది చూసి అమ్మ నెమ్మదించింది. కొడుకు చేతి వైపు చూసింది. అది ఎవరికి అడ్డం పెట్టాడో చూసింది. ఆ తర్వాత వెనక్కి తిరిగి, ఉత్తకాళ్ళతో తలుపులో నిలబడ్డ బాబాయిని పై నుంచి కిందిదాకా చూసింది. తాను పిలవకుండా ఆయన గడప దాటడం అమ్మ ఎన్నడూ ఎరగదు.

"ఏం చూడొద్దంటున్నాడు అబ్బాయ్," అంది. "నువ్వేం చూశావు?"

బాబాయి గొంతు సవరించుకోబోయి, ఆ చప్పుడు కూడా వద్దనుకుని ఆగిపోయాడు.